లిండ్‌క్విస్ట్ అంటే ఏమిటి? ఒక స్వీడిష్ ఇంటిపేరు లోపలి సంగతులు

మామిడి శాస్త్రీయ నామాన్ని పూర్తిగా రాస్తే ‘మాంజిఫెరా ఇండికా’ తర్వాత ఎల్ అనే ఒంటి అక్షరం, దాని పక్కన ఓ చుక్క ఉంటాయి. చింతకూ అంతే. ఆ పేరు పెట్టింది కార్ల్ లిన్నేయస్ అని ఆ ఎల్‌కి అర్థం. బోటనీ చదివినవాళ్లకు తెలిసిన సంగతే. ఆ లిన్నేయస్ అన్న పేరే ఒక చెట్టు నుంచి పుట్టిందన్నది మాత్రం పాఠంలో సాధారణంగా రాదు. స్వీడన్ దక్షిణాన స్మోలాండ్ ప్రాంతంలో, ఆయన పూర్వీకుల పొలం దగ్గర ఓ పెద్ద లిండ్ చెట్టు ఉండేది. ఇంటిపేరు దాని చలవే.

ఆ చెట్టు జాతి మీద స్వీడన్‌లో బోలెడన్ని ఇంటిపేర్లు ఉన్నాయి. లిండ్, లిండ్‌బెర్గ్, లిండ్‌స్ట్రోమ్, లిండ్‌క్విస్ట్, లిండ్‌గ్రెన్, లిండ్‌హోల్మ్, లిండాల్, లిండెల్, లిండెన్, లిండ్‌మన్. ఆ దేశంలో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్ల జాబితా తీస్తే మొదట వరసగా ‘సన్’తో ముగిసేవే వస్తాయి: ఆండర్సన్, యోహాన్సన్, కార్ల్సన్, నిల్సన్, ఎరిక్సన్. వాటిని పక్కన పెడితే ముందు వరసలో కనిపించేవి ఈ లిండ్ పేర్లే. ఈ గుంపులోంచి లిండ్‌క్విస్ట్‌ను పట్టుకుంటే స్వీడిష్ ఇంటిపేర్ల వ్యవహారమంతా ఒక్కో పొరగా విడిపోతుంది.

పదాల అర్థం తేలిక. లిండ్ అంటే ఆ చెట్టు, క్విస్ట్ అంటే రెమ్మ. కలిపితే లిండ్ రెమ్మ. ఇంటిపేర్ల అర్థాలు చెప్పే పేజీలు చాలామటుకు ఇక్కడే ఆగిపోతాయి. నా దృష్టిలో ఇది ఏమీ చెప్పకపోవడంతో సమానం. ఏ లిండ్‌క్విస్ట్ పూర్వీకుడికీ రెమ్మతో ప్రత్యేకంగా పని ఉండి ఉండదు. ఈ పేరు చెప్పే కబురు దాని అనువాదంలో లేదు, దాని అచ్చులో ఉంది. రెండు ప్రకృతి పదాలను జోడించిన పేరు కనబడితే, దాన్ని మొదట పెట్టుకున్నవాడు బహుశా పట్నం చేరిన చేతిపనివాడో వ్యాపారో అని ఊహించవచ్చు. చివర ‘ఇయస్’ ఉంటే చర్చి పాస్టర్ల కుటుంబం. ఒకే ముక్క ఉన్న పొట్టి పేరైతే సిపాయి. ‘సన్’ ఉంటే రైతు. నూటికి నూరుపాళ్లు కుదిరే లెక్క కాదుగానీ, పేరును చదవడం మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

ముందు చెట్టు సంగతి ఒక ముక్క. ఇంగ్లిష్‌లో దీనికి లిండెన్ అనీ, లైమ్ అనీ రెండు పేర్లున్నాయి. రెండోది చూసి నిమ్మచెట్టు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నిమ్మతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. నేటి వర్గీకరణ ప్రకారం ఇది మన మందార, పత్తి, బెండ, గోంగూర ఉన్న కుటుంబంలోది. గోగు నుంచి మనం నార తీసినట్టే, అక్కడివాళ్లు లిండ్ బెరడు లోపలి పొర నుంచి నార తీసి తాళ్లు పేనేవారు. ఇంటి ముందు కాపుగా ఒక పెద్ద చెట్టును ఉంచుకోవడం, దాని కొమ్మ విరిస్తే ఇంటికి కీడని నమ్మడం స్వీడన్ పల్లెల్లో పాత ఆచారం. అలా ఉంచుకునే చెట్లలో లిండ్ ఒకటి. కాబట్టి పేరు కోసం చుట్టూ చూసుకున్నవాడి కంటికి లిండ్ ఆనడం సహజమే.

అసలు పేరు కోసం వెతుక్కోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 19వ శతాబ్దం సగం దాటేదాకా స్వీడన్ పల్లెల్లో మనం అనుకునే అర్థంలో ఇంటిపేరే లేదు. ఆండర్స్ కొడుకు నిల్స్ అయితే అతను నిల్స్ ఆండర్సన్. నిల్స్‌కి పేర్ అనే కొడుకు పుడితే అతను పేర్ నిల్సన్. కూతురు కరిన్ అయితే కరిన్ నిల్స్‌డొట్టర్, అంటే నిల్స్ కూతురు. పెళ్లయినా కరిన్ పేరు మారదు, నిల్స్ కూతురు నిల్స్ కూతురే. ఒకే ఇంట్లో తండ్రిది ఒక పేరు, తల్లిది ఇంకొకటి, కొడుకులది మూడోది, కూతుళ్లది నాలుగోది. యోహాన్సన్ అని రాసేటప్పుడు రెండు ఎస్‌లు రావడానికి కారణం కూడా ఇదే. మొదటిది ‘యోహాన్ యొక్క’ అన్నదానిలోది, రెండోది ‘సన్’లోది. ఐస్‌లాండ్‌లో ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది.

చిక్కేమిటంటే వాడుకలో ఉన్న పేర్లు తక్కువ. ఊరికి నలుగురు ఆండర్స్‌లుంటే, వాళ్ల పిల్లలంతా ఆండర్సన్‌లే. పల్లెల్లో దీన్ని పొలం పేరుతో సర్దుకున్నారు. దాలర్నా ప్రాంతంలో ఆ సర్దుబాటు ఒక పద్ధతిగా స్థిరపడింది. ప్రసిద్ధ చిత్రకారుడు ఆండర్స్ సోర్న్ తల్లి పేరు గ్రుడ్ అన్నా ఆండర్స్‌డొట్టర్. గ్రుడ్ అనేది వాళ్ల పొలం పేరు, అన్నా సొంత పేరు, చివరిది తండ్రిని చెప్పేది. ఐరోపాలో ఇంటిపేరు సాధారణంగా చివర వస్తుంది. ఇక్కడ ఇంటిని చెప్పే పేరు ముందుంది, సరిగ్గా మనకు ఉన్నట్టు. తెలుగువాళ్లకు స్వీడన్‌లో అన్నిటికన్నా దగ్గరగా తోచే పేర్ల పద్ధతి దాలర్నాదే కావచ్చు. ఆ కొడుక్కి వచ్చిన సోర్న్ అనే పేరు మాత్రం బీరు తయారీ పనిచేసే జర్మన్ తండ్రిది. ఆ తండ్రిని అతను ఎన్నడూ చూడలేదు.

ఇంటిపేరు తరతరాలకూ నిలిచే పద్ధతి పైనుంచి కిందికి దిగింది. 1626లో రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్ ప్రభువర్గానికి ఒక సభ ఏర్పాటు చేసి, ప్రతి ప్రభు కుటుంబం ఒక పేరుతో అక్కడ నమోదు కావాలన్నాడు. చాలా కుటుంబాలు తమ డాలు మీది గుర్తునే పేరుగా మలుచుకున్నాయి. యిల్లెన్‌షేర్నా అంటే బంగారు నక్షత్రం. ఊక్సెన్‌షేర్నా అంటే ఎద్దు నుదురు. ‘నట్ ఓ దాగ్’ అనే కుటుంబం పేరుకు రాత్రీ పగలూ అని అర్థం. వాళ్ల డాలు పైసగం బంగారు రంగు, కిందిసగం నీలం. ఇక్కడ పేరులోని మాటలకు నిజంగానే ఒక బొమ్మ ఆధారం ఉంది.

పాస్టర్లు, పండితులు లాటిన్ వైపు వెళ్లారు. విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు రిజిస్టర్‌లో రాయించుకోవడానికి ఒక నిలకడైన పేరు కావాలి. నిల్స్ ఇంగెమార్సన్ అనే రైతుబిడ్డ లుండ్‌లో చదవబోతూ, ఇంటి దగ్గరి లిండ్ చెట్టును లాటిన్ ఫణితిలో లిన్నేయస్ చేసుకున్నాడు. ఆయన కొడుకే 1707లో పుట్టిన కార్ల్. ఆ పేరు పెట్టుకోకపోయి ఉంటే మామిడి పక్కన ఉండాల్సింది కార్ల్ నిల్సన్ గుర్తు. నాకు ఇంకా ముచ్చటగా అనిపించేది మరొకటుంది. అదే బంధువర్గంలో ఇంకో రెండు శాఖలవాళ్లు అదే చెట్టు నుంచి వేరే పేర్లు తీశారు. ఒక శాఖ లిండెలియస్ అయింది. మరో శాఖ ఆ చెట్టు లాటిన్ పేరు టిలియాను తీసుకుని, మనిషి అనే అర్థమున్న గ్రీకు ముక్క తగిలించి, టిలియాండర్ అయింది. ఒకే చెట్టు, మూడు ఇంటిపేర్లు. తర్వాత కార్ల్‌కు ప్రభువర్గ హోదా దక్కినప్పుడు నాలుగోది వచ్చింది: ఫోన్ లిన్నే.

ఇలాంటివే మనం రోజూ వాడేస్తున్నాం. జ్వరం చూసే థర్మామీటర్ మీది సెల్సియస్ కూడా పాస్టర్ల లాటిన్ పేరే. ఆ కుటుంబం హోగెన్ అనే చోటిది. ఆ మాటకు గుట్ట, దిబ్బ అని అర్థం. ఎత్తైనది అనే లాటిన్ మాటతో దాన్ని సెల్సియస్ చేశారు. నోబెల్ సంగతి మరోలా ఉంది. స్కోనె ప్రాంతంలోని నెబ్బెలోవ్ అనే ఊరి నుంచి వచ్చిన పెత్రుస్ ఓలాయ్ 17వ శతాబ్దంలో ఊరి పేరును నోబెలియస్‌గా మలుచుకున్నాడు. తర్వాతి తరాలు తోక కత్తిరించి నోబెల్ అనుకున్నాయి. దానికీ ఇంగ్లిష్‌లోని ‘నోబుల్’ అనే మాటకూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు.

తోక కత్తిరించడం అందరూ చేశారు. లాటిన్ మోజు తగ్గాక ‘ఎలియస్’ కాస్తా ‘ఎల్’ అయింది, ‘ఎనియస్’ కాస్తా ‘ఎన్’ అయింది. లిండెల్, లిండెన్ వంటి పేర్ల అచ్చు అక్కడిది. కొన్నాళ్లకు అసలు లాటిన్ పేరు ఎన్నడూ లేని కుటుంబాలు కూడా బాగుందని ఆ తోకలు తగిలించుకున్నాయి. అందుకే లిండెన్ అనే పేరు చూసి తాత పాస్టరే అని ఖాయం చేయలేం.

ఇక లిండ్‌క్విస్ట్ అసలు తావు, పట్నం. 17, 18 శతాబ్దాల్లో పట్నాల్లో స్థిరపడిన చేతిపనివాళ్లు, వ్యాపారులు ప్రభువుల రెండు ముక్కల పేర్లను చూసి తామూ జంటపదాలు కూర్చుకున్నారు. డాళ్లు లేవు కాబట్టి చెట్లూ చేమలూ కొండలూ నీళ్లూ వాడుకున్నారు. మొదటి ముక్కగా లిండ్, ఎక్ అంటే ఓక్, అల్మ్ అంటే ఎల్మ్, షో అంటే సరస్సు, లుండ్ అంటే తోపు, సాండ్ అంటే ఇసుక. రెండో ముక్కగా క్విస్ట్, గ్రెన్ అంటే కొమ్మ, బ్లాద్ అంటే ఆకు, స్ట్రోమ్ అంటే ప్రవాహం, హోల్మ్ అంటే చిన్న దీవి. బెర్గ్, అంటే కొండ, ముందూ వస్తుంది వెనకా వస్తుంది. క్విస్ట్, గ్రెన్ సాధారణంగా వెనకే.

ముక్కలు ఇలా విడివిడిగా దొరికాక వాటిని కలపడానికి అర్థం అడ్డు రాలేదు. లిండ్‌క్విస్ట్‌లో చెట్టుకు రెమ్మ ఉండటం కుదిరింది, అంతే. కళ్లూ నోరూ తడారిపోయే ఆటోఇమ్యూన్ జబ్బు పేరు డాక్టర్ల దగ్గర వినే ఉంటారు, షోగ్రెన్ సిండ్రోమ్. దాన్ని 1933లో తన పరిశోధన గ్రంథంలో వివరించిన కంటివైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ పేరు మీద ఆ పేరు వచ్చింది. షోగ్రెన్ అంటే సరస్సు కొమ్మ. సరస్సుకు కొమ్మేమిటని స్వీడన్‌లో ఎవరూ అడగరు. వాళ్ల చెవికి అది అర్థమున్న మాటగా కాదు, ఇంటిపేరు లాంటి ఒక శబ్దంగా వినిపిస్తుంది. మొదటి ముక్క మాత్రం కొన్నిసార్లు నిజంగా ఆధారం ఉన్నదే అయ్యేది. లిండ్ అనే మాట పేరులో ఉన్న ఊరో పొలమో వదిలి వచ్చినవాడు ఆ లిండ్‌ను వెంట తెచ్చుకునేవాడు. రెండో ముక్క అలంకారం.

సిపాయిల కథ ఇంకో రకం, వంశవృక్షాలు వెతికేవాళ్లను తిప్పలు పెట్టేది ఇదే. 1680లలో రాజు పదకొండో కార్ల్ సైన్యాన్ని కొత్తగా ఏర్పాటు చేశాడు. కొన్ని పొలాలు కలిసి ఒక సిపాయిని పోషించాలి, అతనికి ఒక గుడిసె, కాస్త నేల ఇవ్వాలి. ఒకే దళంలో పదిమంది ఆండర్సన్‌లు ఉంటే ఎవరిని పిలిచారో ఎలా తెలుస్తుంది? అందుకని పొట్టి పేర్లు పెట్టారు. రస్క్ అంటే చురుకైనవాడు, మూదిగ్ అంటే ధైర్యవంతుడు, స్టోల్ అంటే ఉక్కు, డాలును చెప్పే షోల్డ్, కత్తిని చెప్పే స్వేర్డ్. లిండ్, ఎక్ లాంటి చెట్ల పేర్లూ పెట్టేవారు, కొన్నిచోట్ల ఊరి పేరులోంచి ముక్క తీసి ఇచ్చేవారు. ఆ పేరు చాలాసార్లు మనిషిది కాదు, కొలువుది. పాత సిపాయి పోయి కొత్తవాడు వచ్చి అదే గుడిసెలో దిగితే, పేరూ అదే దిగేది. కాబట్టి చర్చి రిజిస్టర్‌లో ఒకే గుడిసెలో వెంటవెంటనే ఇద్దరు లిండ్‌లు కనిపిస్తే తండ్రీకొడుకులు అనుకోకూడదు. వాళ్ల మధ్య రక్తసంబంధం బొత్తిగా లేకపోవచ్చు. కొలువు దిగాక కొందరు మళ్లీ ఆండర్సన్ అయిపోయారు, కొందరి పిల్లలు మాత్రం సిపాయి పేరును ఉంచేసుకున్నారు.

మన దగ్గర ఒకే ఇంటిపేరు వినగానే, ‘మీదే ఊరు, మనం చుట్టాలమేమో’ అని మాట కలుపుతాం. ఇద్దరు లిండ్‌క్విస్ట్‌లు కలిస్తే ఆ ఊహ రాదు. ఎక్కడివాడు అక్కడ విడిగా పెట్టుకున్న పేరు అది. తిరగేసి చూస్తే, ఒకే తల్లిదండ్రుల బిడ్డలు వేర్వేరు ఇంటిపేర్లతో ఉండటం కూడా 19వ శతాబ్దం చివర మామూలే. పల్లెలో ఉండిపోయిన అన్న ఆండర్సన్, ఫ్యాక్టరీ పనికి పట్నం వెళ్లిన తమ్ముడు లిండ్‌క్విస్ట్.

ఆ రోజుల్లోనే ఇంకో మార్పు జరిగింది. ఆండర్స్ కొడుకు కాకపోయినా, తండ్రికి ఉన్నది కాబట్టి పిల్లలూ ఆండర్సన్‌గానే మిగిలిపోవడం మొదలైంది. కూతుళ్లు కూడా ఆండర్సన్‌లే అయ్యారు, అంటే పేరును బట్టి ‘ఆండర్స్ కొడుకు’లు. 1901లో వచ్చిన ఇంటిపేర్ల ఉత్తర్వు తండ్రిపేరు పద్ధతిని రద్దు చేసిందని చాలాచోట్ల రాస్తుంటారు. అది సగమే నిజం. పద్ధతి అప్పటికే చాలావరకు గడ్డకట్టింది. ఉత్తర్వు కట్టడి చేసింది ముఖ్యంగా తోచిన పేరు తోచినట్టు పెట్టుకోవడాన్ని. కొత్త పేరు కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, ఇంకొకరి పేరు లాక్కోకూడదు. ఈలోగా ‘సన్’ పేర్లు మరీ ఎక్కువై, ఒకరి ఉత్తరం ఒకరికి చేరేంత గందరగోళం. 20వ శతాబ్దంలో వాటిని వదిలి కొత్త పేరు పెట్టుకోవడాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది.

ఆడవాళ్ల విషయంలో చట్టం ముందు బిగిసి తర్వాత సడలింది. పాత పల్లెలో పెళ్లితో పేరు మారేది కాదని చెప్పుకున్నాం. 1920 నాటి వివాహ చట్టం మాత్రం భార్య భర్త ఇంటిపేరే పెట్టుకోవాలంది. తన పేరు ఉంచుకునే వీలు 1963లో వచ్చింది. 1982 చట్టంతో భార్యాభర్తలిద్దరికీ సమాన హక్కు. కాబట్టి ఆధునికత అంటే పేరు నిలుపుకోవడమే అయితే, 1800 నాటి కరిన్ నిల్స్‌డొట్టర్ 1930 నాటి తన మనవరాలి బిడ్డ కన్నా ఆధునికురాలు.

పేరు మార్చుకోవడం ఎప్పుడూ ముచ్చట కోసమే కాదు. స్కోనెకు చెందిన ఓలా మోన్సన్ స్వీడన్ పార్లమెంటు సభ్యుడు. డబ్బు కాజేశాడన్న ఆరోపణలు వచ్చాక 1859లో అమెరికాలోని మిన్నెసోటాకు వెళ్లిపోయాడు. అక్కడ దిగిన మనిషి పేరు ఆగస్ట్ లిండ్‌బెర్గ్. 1927లో న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఒంటరిగా, ఆగకుండా విమానం నడిపిన చార్ల్స్ లిండ్‌బెర్గ్ ఆయన మనవడే. ఆ ఘనత ఏ ‘మోన్సన్’ పేరు మీదో నమోదు కావాల్సింది. వలస వెళ్లిన మిగతావాళ్ల పేర్లు అక్కడి గుమాస్తాల చేతుల్లోనూ, సొంత ఇష్టంతోనూ మారాయి. యోహాన్సన్‌లు జాన్సన్‌లయ్యారు. లిండ్‌క్విస్ట్‌లు స్పెల్లింగ్‌లో క్యూ పక్కన వి తీసి యు పెట్టుకున్నారు.

స్పెల్లింగ్ గొడవ స్వీడన్‌లోనూ ఉంది. రెమ్మ అనే మాటను పూర్వం క్యూ-వి అక్షరాలతో రాసేవారు. 19వ శతాబ్దం చివర ఆ మాట కె-వి కి మారింది. ఇంటిపేర్లు మారలేదు. 1906లో బడుల్లో ఇంకో సంస్కరణ వచ్చి ‘వ’ శబ్దానికి రాసే ఎఫ్‌ను, ఎఫ్-వి జంటను వి చేసింది, అయినా ఆకు అనే మాటతో మొదలయ్యే లోవ్‌గ్రెన్‌లు పాత ఎఫ్‌ను పట్టుకునే ఉన్నారు. ఉచ్చారణలో మనం పడే తిప్పలు వేరు. బెర్గ్ చివరి జి పలకదు, దాదాపు ‘బెర్య్’ అంటారు. మన పత్రికలు గ్రేటా థన్‌బర్గ్ అని రాసే అమ్మాయిని అక్కడ ‘తూన్‌బెర్య్’ అంటారు. అన్నట్టు, మన తోటల్లో పందిరికి పాకే నీలిపూల తీగ థన్‌బెర్జియాకు పేరిచ్చింది కూడా ఒక థన్‌బర్గే, లిన్నేయస్ శిష్యుడు కార్ల్ పేటర్. ఇంటిపేరు ఒకటే కదా అని ఇద్దరికీ చుట్టరికం కట్టే ముందు, పైన లిండ్‌క్విస్ట్‌ల గురించి చెప్పింది గుర్తుంచుకోవాలి.

రోజువారీ మాటల్లో ఇప్పుడు ఇంటిపేరుకు పెద్దగా పనిలేదు. 1960ల చివర స్వీడన్ సమాజం ‘మీరు’ను, హోదాతో పిలవడాన్ని దాదాపు వదిలేసి అందరినీ ‘నువ్వు’ అనడం మొదలుపెట్టింది. డాక్టర్‌నైనా, ఆఫీసు బాస్‌నైనా సొంత పేరుతోనే పిలుస్తారు. లిండ్‌క్విస్ట్ అనేది ఫ్లాట్ తలుపు మీద, ఫారాల్లో, ఆటగాళ్ల జెర్సీల మీద కనిపిస్తుంది. మాటల్లోకి నుడికారంగా ఎక్కిన పేరు స్వెన్సన్. సగటు మనిషిని ‘మేదెల్‌స్వెన్సన్’ అంటారు, అంటే సగటు స్వెన్సన్. ఎక్కువమందికి ఉన్న పేరు స్వెన్సన్ ఏమీ కాదు, అయినా ఆ గౌరవం దానికి దక్కింది.

2017 జూలై 1 నుంచి అమల్లో ఉన్న పేర్ల చట్టం తలలు లెక్కపెడుతుంది. కనీసం 2,000 మందికి ఉన్న ఇంటిపేరైతే ఎవరైనా దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. అంతకన్నా తక్కువమందికి ఉన్నది ఆయా కుటుంబాల రక్షణలో ఉంటుంది. తల్లి పేరుకో తండ్రి పేరుకో ‘సన్’, ‘డొట్టర్’ చేర్చుకునే పాత దారీ తెరిచే ఉంది. రెండు ఇంటిపేర్లు కలిపి పెట్టుకోవచ్చు. చూసేది పన్నుల శాఖ, ఎందుకంటే జనాభా రిజిస్టర్ ఉండేది వాళ్ల దగ్గరే. లిండ్‌క్విస్ట్‌లు వేలల్లో ఉన్నారు కాబట్టి ఆ పేరు అందరిదీ. గత కొన్ని దశాబ్దాల వలసలతో అలీ అనే ఇంటిపేరు కూడా ఆ 2,000 గీతను ఎప్పుడో దాటింది. ఆండర్సన్ అని విసుగెత్తిన మనిషి ఇవాళ లిండ్‌క్విస్ట్ కావడానికి నింపే ఫారమే, అలీ కావడానికీ నింపాలి.